మాటల కొల్లేటికి ఉప్పుటేరు



సంక్రాంతి సెలవులయ్యాక వచ్చిన మొదటి ఆదివారం. ఇంజనీరింగ్ చదివే పిల్లలు నలుగురు గూడెంలో రైలెక్కి ఏలూరులో దిగి మా ఇంటికి వచ్చారు. గూడెం అంటే తాడేపల్లిగూడెమే, మా వైపు పూర్తి పేరు పలికేవాళ్లు తక్కువ. కాఫీ గ్లాసు పట్టుకుని ఒకబ్బాయి అడిగాడు: "మాస్టారండీ, ఈసారి మన గ్రూపు దేంట్లో పెడదామంటారు?"

"ఈ మాత్రం దానికి రైలెక్కి రావాలా బాబూ?" అని మా ఆవిడ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకునే మేం ఒకసారి రెండేళ్ల పని పోగొట్టుకున్నాం.

మేం చేసే పని సాఫ్ట్‌వేర్లను తెలుగు చేయడం. నేను బడిలో తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి. కంప్యూటర్ సంగతి పిల్లలు చూస్తారు, మాటల సంగతి నేను చూస్తాను. తెలుగు చేసేది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లను. అంటే కొలతలు దాచుకోని ఆవకాయ లాంటివి. ఎలా చేశారో ఎవరైనా చూడొచ్చు, తమ రుచికి మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచొచ్చు. ఓపెన్‌సోర్స్ అని కూడా అంటారు. తెలుగునాట ఈ పని కొత్తదేమీ కాదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచి తెలుగులో పనిచేసే కంప్యూటర్ వ్యవస్థ కోసం, కాలేజీల్లో విద్యార్థి బృందాల కోసం పాటుపడుతోంది. వీటన్నిటిలో పనిచేసేవాళ్లు ఎక్కువమంది జీతం లేనివాళ్లే. ఒకరు ఏలూరులో, ఒకరు గూడెం హాస్టల్లో, ఇంకొకరు ఉద్యోగం మీద బెంగళూరులో. వాళ్లను కలిపి ఉంచే అరుగు ఒక్కటే, చాట్ గ్రూపు.

ఇక మా నష్టం కథ. "డౌన్‌లోడ్" అన్న మాటకు తెలుగేమిటని ఒకసారి చర్చ వచ్చింది. "దింపుకోలు" అన్నారు కొందరు. కోనసీమ నుంచి వచ్చిన అబ్బాయి ఒప్పుకోలేదు. "దింపు అంటే మాకు కొబ్బరి దింపేనండి. చెట్టెక్కాలి, కాయ కొయ్యాలి. ఇక్కడ చెట్టేదండీ?" అన్నాడు. ఇంకో అమ్మాయి, "చెట్టు మీద ఉన్నది ఇంటికి రావడమే కదా, ఇదీ అంతే" అంది. మూడు రాత్రులు వాదించుకున్నారు. నాకైతే అది బడిలో ముప్పై ఏళ్లలో వినని వ్యాకరణ చర్చ. చివరికి దింపుకోలే నిలిచింది. ఎందుకు నిలిచిందో, ఏ వాదానికి ఏం జవాబు వచ్చిందో అంతా ఆ గ్రూపులోనే ఉంది. అలాంటివి రెండు వందల మాటలు.

మే నెల వచ్చింది. ఫైనలియర్ పిల్లలు వెళ్లిపోయారు. గ్రూపు పెట్టిన కుర్రాడు ఉద్యోగంలో చేరి ఫోను మార్చాడు, నంబరూ మార్చాడు. పాత ఫోన్లో ఉన్నది కొత్త ఫోన్లోకి రాలేదు. మిగిలినవాళ్లు మెమొరీ నిండిపోతోందని ఎప్పటికప్పుడు చెరిపేసుకున్నారు. ఆగస్టులో కొత్త బ్యాచ్ వచ్చి మొట్టమొదట అడిగిన ప్రశ్న ఏమిటో ఊహించగలరా? "సార్, డౌన్‌లోడ్‌కి దింపుకోలేంటి సార్, కొబ్బరికాయా?" మళ్లీ మూడు రాత్రులు.

తప్పు మేం గ్రూపు పెట్టిన యాప్‌ది అనను. అది ఇంటివాళ్లూ స్నేహితులూ మాట్లాడుకోవడానికి చేసిన వస్తువు. దాన్ని తెచ్చి పని మీద పెట్టింది మేము.

శ్రోతలారా, కొల్లేరు పక్కన ఉన్నవాళ్లకు ఈ సంగతి కొల్లేటి భాషలో చెబితే తొందరగా తెలుస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు వచ్చి కలుస్తుంది. మా ఏలూరు మీదుగా తమ్మిలేరు వచ్చి కలుస్తుంది. ఇంకా ఎన్నో వాగులు, మురుగుకాలువలు. లోపలికి ఎన్ని దారులున్నా సముద్రానికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. వచ్చే దారి మూసుకుంటే కొల్లేరు ఎండుతుంది. పోయే దారి పూడుకుంటే లంక గ్రామాలు మునుగుతాయి. రెండూ తెరిచి ఉన్నంతకాలమే అది సరస్సు. నా దృష్టిలో చాట్ గ్రూపూ అంతే. కొత్త మనిషి లోపలికి రావడానికి దారి ఉండాలి. మాట్లాడుకున్నది బయటికి తీసుకుపోవడానికి దారి ఉండాలి. ఏ యాప్ గురించి ఎవరు చెప్పినా నేను అడిగేవి ఈ రెండే: దీని బుడమేరు ఎక్కడ? దీని ఉప్పుటేరు ఎక్కడ?

ముందు లోపలికి వచ్చే దారి చూద్దాం. మన దగ్గర నలుగురు కలిస్తే ముందు పుట్టేది వాట్సాప్ గ్రూపు. అందరి ఫోన్లలో ఉంటుంది, నేర్పే పని లేదు. అమ్మకూ తెలుసు, ఆర్‌ఎంపీ డాక్టరుకూ తెలుసు. ఆ బలాన్ని చిన్నచూపు చూడకూడదు. కానీ గ్రూపులో చేరితే మామూలుగా మన నంబరు అందరికీ కనపడుతుంది. ఈ సంగతి మగపిల్లలకు తట్టలేదు. వచ్చిన నలుగురిలో ఒకమ్మాయి అంది: "మాస్టారండీ, నాకు పని నచ్చింది. ముక్కూ మొహం తెలియని ఎనభై మందికి నా నంబరు ఇవ్వడం నచ్చలేదు. అందుకే ఏడాదిపాటు చేరలేదు." ఏడాది! ఒక మంచి పనిమంతురాలిని గుమ్మం బయటే నిలబెట్టామని మాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. రానివాళ్ల లెక్క ఎవరికీ కనపడదు, అదే చిక్కు.

టెలిగ్రామ్‌లో నంబరు దాచుకుని పేరుతో ఉండొచ్చు, కొత్తగా చేరినవాళ్లు పాత మాటలు చదువుకోవచ్చు, రెండు లక్షల మంది దాకా ఒక గ్రూపులో పడతారు. అందుకే ఓపెన్‌సోర్స్ వాళ్లు చాలామంది అందులో చేరారు. అయితే ఫోన్లో ఉండే యాప్ కోడ్ చూడనిస్తారు గానీ అవతల సర్వర్లో నడిచేది చూడనివ్వరు. ఆటలాడుకునే పిల్లలకు అలవాటైన డిస్కార్డ్ కూడా ఒక కంపెనీ చేతిలో ఉన్నదే.

ఇక బయటికి పోయే దారి. ఇక్కడ కొంచెం ప్రపంచ చరిత్ర చెప్పుకోవాలి. ఇంటర్నెట్‌లో గుంపుగా మాట్లాడుకునే పద్ధతుల్లో పెద్దన్న ఐఆర్‌సీ. 1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఒయికారినెన్ అనే ఆయన తయారుచేశాడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏళ్ల తరబడి ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్‌లో కాపురం ఉన్నారు. 2021లో దాని యాజమాన్యం మీద గొడవ వచ్చింది. నడిపే వలంటీర్లు మూకుమ్మడిగా బయటికొచ్చి, మే 19న లిబెరా చాట్ అని కొత్త నెట్‌వర్క్ పెట్టుకున్నారు. కొద్ది రోజుల్లోనే పెద్ద పెద్ద ప్రాజెక్టులు సామాను సర్దుకుని అక్కడికి వెళ్లిపోయాయి. అంత సులువుగా ఎలా వెళ్లగలిగాయి? ఐఆర్‌సీ ఒక కంపెనీ సొత్తు కాదు, సర్వర్లు ఎలా మాట్లాడుకోవాలన్న ఒక ఒప్పందం. ఊరు మారింది గానీ భాష మారలేదు.

ఇప్పుడు దీనికి ఎదురు కథ వినండి. స్లాక్ అనే యాప్ ఆఫీసుల కోసం పుట్టింది, చూడ్డానికి బాగుంటుంది. వలంటీర్ బృందాలు ఉచిత పథకంలో బోలెడన్ని చేరాయి. మొదట్లో వెనకటి పదివేల సందేశాల దాకా చూడనిచ్చేవారు. 2022 సెప్టెంబరు 1 నుంచి ఉచితం వాళ్లకు వెనకటి తొంభై రోజుల మాటలే కనపడతాయన్నారు. 2024 ఆగస్టు నుంచి ఏడాది దాటినవాటిని చెరిపేయడం మొదలుపెట్టారు. అది వాళ్ల వ్యాపారం, ముందే చెప్పి చేశారు, తప్పు పట్టలేం. కానీ పదేళ్ల చర్చ అక్కడే దాచుకున్న బృందం సంగతి ఏమిటి?

కొల్లేటిలో చేపల చెరువు గట్లు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. గట్టు లోపల నీళ్లు నిండుగా ఉంటాయి, చేప బాగానే ఎదుగుతుంది. కానీ తూము తీసేది గట్టు గలవాడు. సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో ఆ గట్లను పెద్ద ఎత్తున కొట్టేశారు. అప్పుడు దాంతోపాటు ఎన్ని బతుకులు తలకిందులయ్యాయో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. గట్టు కట్టడం ఒక్క వేసవి పని, విప్పడం ఒక తరం బాధ. యాప్ ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుంటే చాలు.

"అయితే మన సొంతంగా పెట్టుకుందాం మాస్టారండీ" అన్నాడు గూడెం కుర్రాడు హుషారుగా. మాటర్‌మోస్ట్, జులిప్, మేట్రిక్స్, ఇవన్నీ ఓపెన్‌సోర్స్‌వే, సొంత సర్వర్ మీద నడుపుకోవచ్చు. నేను అడిగాను: "మీ నాన్నగారు ఏం చేస్తారు బాబూ?" చెరువులు చేస్తారన్నాడు. "అర్ధరాత్రి కరెంటు పోతే?" అన్నాను. నవ్వేశాడు. చెరువు మనదైతే నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు తిప్పేదీ మనమే. కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తేదీ మనమే. సర్వరూ అంతే. నెలనెలా అద్దె కట్టాలి, కొత్త వెర్షన్లు ఎక్కించాలి, దొంగలు దూరకుండా చూసుకోవాలి. ఆ అద్దె ఒక సీనియర్ కుర్రాడి కార్డు మీద నడుస్తుంటే, అతని పెళ్లయిన నెలలో మన అరుగు మాయమవుతుంది. సొంత సర్వర్ గొప్పదే. దాన్ని కాచేవాళ్లు ముగ్గురు లేకపోతే అది సొంతం కాదు, అప్పు.

మేట్రిక్స్ గురించి రెండు మాటలు విడిగా చెప్పాలి. 2014లో మొదలైంది. ఇదీ ఐఆర్‌సీ లాగే ఒప్పందం. మీ సర్వర్ మీది, మా సర్వర్ మాది, అయినా ఒకే గదిలో మాట్లాడుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్లు 2020లో తమ ఐఆర్‌సీని మూసేసి దీంట్లోకే వచ్చారు. ఆలోచనగా చూస్తే నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కానీ మన దేశంలో ఒక మెలిక పడింది. 2023లో కేంద్ర ప్రభుత్వం భద్రతా కారణాల మీద పద్నాలుగు మెసేజింగ్ యాప్‌లను నిలిపివేసింది. మేట్రిక్స్‌కు ఎక్కువమంది వాడే ఎలిమెంట్ అనే యాప్, బ్రయర్ అనే మరో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అందులో ఉన్నాయి. ఫస్టియర్ పిల్లలు అరవైమందిని పిలిచి, "ఇది ఎక్కించుకోండి" అని చెప్పేవాళ్లం ఆ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. మంచి దారి అయినంత మాత్రాన రోజూ నడవగలిగే దారి కాదు.

జులిప్‌లో ఇంకో గుణం ఉంది. ప్రతి మాటకూ ఒక శీర్షిక పెట్టమంటుంది. "దింపుకోలు" అని శీర్షిక పెడితే ఆ వాదమంతా దాని కిందే ఉంటుంది. మధ్యలో ఎవరో పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పినా చర్చ చెదరదు. వారం తర్వాత వచ్చినవాడు తనకు కావాల్సిన శీర్షిక తెరిచి చదువుకుంటాడు. ఉద్యోగాలు, పరీక్షలు, ఇంటి పనుల మధ్య తీరిక దొరికినప్పుడే వచ్చే వలంటీర్లకు ఇది సరిపోయే పద్ధతి. 2015లో దీన్ని ఓపెన్‌సోర్స్ చేశారు. ఓపెన్‌సోర్స్ బృందాలకు తమ సర్వర్ల మీదే ఉచితంగా చోటిస్తున్నారు. కావాలంటే మొత్తం చర్చను ఫైలుగా దించుకుని సొంత సర్వర్‌కు మార్చుకోవచ్చు. అంటే ఉప్పుటేరు తెరిచే ఉంది.

మనకు ఇంకో పరీక్ష ఉంది, ఇంగ్లీషువాళ్లకు లేనిది. తెలుగు పరీక్ష. 2018 ఫిబ్రవరిలో జరిగింది కొందరికి గుర్తుండే ఉంటుంది. జ్ఞానం అనే మాటలో మొదటి అక్షరం ఉంది చూశారూ, "జ్ఞా", అది ఒక రకంగా కూర్చి సందేశంలో పంపితే ఐఫోన్లలో యాప్‌లు టపటపా పడిపోయేవి. ఆపిల్ కంపెనీ ఆ నెల 19న సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. ప్రపంచాన్ని జ్ఞానమే ఆపేసిందని మా బడిలో నవ్వుకున్నాం. నవ్వు సరే, నీతి ఏమిటంటే తెలుగు రాసి చూడకుండా ఏ యాప్‌నూ నమ్మకూడదు. ఒత్తులు సరిగా పడుతున్నాయా? పాత ఫోన్లో డబ్బాలు కనపడుతున్నాయా? అన్నిటికంటే ముఖ్యం, వెతుకులాట. "కొల్లేరు" అని వెతికితే "కొల్లేటి" అని రాసిన సందేశం దొరకదు. మన మాట విభక్తి తగలగానే రూపు మార్చుకుంటుంది, యంత్రానికి ఆ చుట్టరికం తెలియదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లయితే ఒకే మాటను ఐదుగురు ఐదు రకాలుగా రాస్తారు. అందుకని మేం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. చర్చ ఎలాగైనా రాసుకోండి, శీర్షిక మాత్రం తెలుగు లిపిలో, విభక్తి లేని రూపంలో ఉండాలి. యాప్‌కు తెలియని వ్యాకరణం మనం కాస్త భరించాలి.

"రెండు మూడు యాప్‌లు పెట్టి వంతెన వేద్దామండీ" అని ఇంకో సలహా వచ్చింది. ఒకచోట రాసింది ఇంకోచోట కనపడేలా చేసే వంతెనలు ఉన్నాయి. ఏలూరు వాళ్లం కదా, దీనికి మాకు పోలిక దగ్గర్లోనే ఉంది. కృష్ణా కాలువ, గోదావరి కాలువ కలిసేది మా ఊళ్లోనే. పడవలు నడిచే రోజుల్లో నీటిమట్టం తేడా ఉన్నచోటల్లా లాకులుండేవి, లాకు దగ్గర మనిషి ఉండేవాడు. ఆ మనిషి లేకపోతే పడవ ఆగిపోయినట్టే. చాట్ వంతెనలకూ కాపలా మనిషి కావాలి. ఒకవైపు చెరిపేసింది రెండోవైపు మిగిలిపోవచ్చు. ఎవరికి రాస్తున్నామో తెలియకుండా రాసేవాళ్లుంటారు. మేట్రిక్స్‌కూ లిబెరా చాట్‌కూ మధ్య ఉన్న పెద్ద వంతెననే 2023 ఆగస్టులో ఆపేశారు. పెద్దవాళ్లకే కష్టమైన లాకు మనకెందుకన్నాను.

చివరికి ఏం తేల్చుకున్నామో చెబుతాను. ఇదే అందరికీ మందు అనడం లేదు, మా జబ్బుకు మా మందు. వాట్సాప్‌ను టముకు వేయడానికి ఉంచుకున్నాం. "ఆదివారం పదింటికి సమావేశం" అని అడ్మిన్లు చెబుతారు, అక్కడ చర్చ ఉండదు. టముకు వినడానికి కూడా నంబరు ఇవ్వడం ఇష్టం లేనివాళ్లు చేరనక్కర్లేదు, అదే కబురు జులిప్‌లోనూ పెడతాం. పని మాటలన్నీ జులిప్‌లోనే. మూడో కట్టుబాటు నాకు ప్రాణం: ఒక మాట మీద నిర్ణయం జరగ్గానే, ఏం తేల్చాం, ఎందుకు తేల్చాం, ఒప్పుకోనివాళ్లు ఏమన్నారు, ఈ మూడూ నాలుగు వాక్యాల్లో రాసి ప్రాజెక్టు కోడ్ పక్కనే ఫైలుగా పెట్టాలి. చాట్ అంటే అరుగు మీది మాట, ఫైలు అంటే దస్తావేజు. అరుగు ఎన్నిసార్లు మారినా దస్తావేజు ఉండాలి. తెలుగు వికీపీడియాలో చర్చలు జరిగే చోటుకు రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. అందరికీ తెరిచి ఉంటుంది, పాతవన్నీ భద్రంగా ఉంటాయి, ఎవరు ఏమన్నారో ఇప్పటికీ చదువుకోవచ్చు. ఆ పేరు పెట్టినవాళ్లకు నమస్కారం. మా పిల్లలకు నేను చూపించింది ఆ నమూనానే.

అడ్మిన్లు ముగ్గురు. ఒకరు సెకండియర్, ఒకరు థర్డియర్, ఒకరు కాలేజీతో సంబంధం లేని ఊళ్లో మనిషి. ప్రస్తుతానికి ఆ మూడోవాణ్ణి నేను. సెమిస్టర్ చివర పరీక్షలయిన మర్నాడు మొత్తం చర్చను దించి రెండు చోట్ల దాస్తాం. పిల్లలు ఆ రోజుకు ఉప్పుటేరు పండగ అని పేరు పెట్టారు. పకోడీలు మా ఇంట్లోనే.

ఎంచుకునే ముందు ఒక నెల రెండు యాప్‌లను పక్కపక్కన వాడి చూశాం. ఆ నెల మాకు చెప్పిందేమిటంటే, మాట్లాడేవాళ్లను అడిగితే అన్ని యాప్‌లూ బాగున్నాయంటారు. అడగాల్సింది మౌనంగా ఉన్నవాళ్లను. హాస్టల్లో నెట్ అందని కుర్రాడిని, అరువు ఫోన్లో చదువుకునే అమ్మాయిని, ఇంగ్లీషు చూస్తే బెదిరే నాలాంటి ముసలివాణ్ణి. వాళ్లు సుఖంగా కూర్చోగలిగితే అది అరుగు.

మొన్న ఆగస్టులో కొత్త బ్యాచ్ వచ్చింది. కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చిన ఒక ఫస్టియర్ అమ్మాయి చేరిన వారానికి నాకో సందేశం కనపడింది. శీర్షిక: దింపుకోలు. నా గుండె జారింది, మళ్లీ మూడు రాత్రులా అని. తెరిచి చూశాను. పోయిన ఏడాది రెండోసారి జరిగిన వాదాన్ని గుర్తున్నంతవరకు పిల్లలు అందులో తిరిగి రాసి పెట్టారు. ఆ అమ్మాయి దాన్ని మొదటి నుంచి చదివింది. కొబ్బరి దింపు మాటా చదివింది. ఆ తర్వాత రాసింది: "అందరూ చెట్టు గురించే మాట్లాడారండీ. మా ఊళ్లో వల లోంచి చేపను దోనెలోకి వేసుకోవడానికి వేరే మాట వాడతాం. నాకు దింపుకోలు నచ్చలేదు. ఎందుకో చెబుతాను."

వాదం మళ్లీ మొదలైంది. కానీ ఈసారి మొదటి నుంచి కాదు, ఆగిన చోటు నుంచి.